కడప బండ మీద డకోటా: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 11

కిట్ వచ్చింది. 1:72 స్కేలు డకోటా, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి రవాణా విమానం బొమ్మ, విడిభాగాలుగా. అసలు విమానం ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు సుమారు 29 మీటర్లు, కాబట్టి నా దగ్గర అది 40 సెంటీమీటర్లు అవుతుంది. టీవీ పక్కన ఎక్కడ పెట్టాలో ఇప్పుడే చూసుకోవాలి. లేకపోతే తరువాత ఇంట్లో గొడవ.

పెట్టె మీది బొమ్మలో విమానం ఒంటి నిండా నలుపు తెలుపు పట్టీలు. 1944 జూన్‌లో నార్మండీ మీద దిగేటప్పుడు మిత్రదేశాల విమానాల్లో చాలావాటికి హడావుడిగా పూసిన పట్టీలు అవి. మూడు తెలుపు, మధ్యలో రెండు నలుపు. లోపల ఇచ్చిన స్టిక్కర్లూ అమెరికా గుర్తులవే. పక్కన పెట్టేశాను. నాకు కావలసింది వీపీ905.

ఆ నంబరు సంగతి తెలియనివాళ్ల కోసం: 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో దిగిన మొదటి డకోటా అది. నడిపింది 12వ స్క్వాడ్రన్ వింగ్ కమాండర్ కె.ఎల్. భాటియా. లోపల ఉన్నది ఒకటో సిక్కు బెటాలియన్ జవాన్లు. ఇప్పుడు మన వాయుసేన వింటేజ్ ఫ్లైట్‌లో, అంటే పాత విమానాల దళంలో, ఉన్న డకోటా తోక దగ్గర కూడా వీపీ905 అనే రాసి ఉంటుంది. కానీ ఇది అది కాదు. ఇది 1944లో తయారైన వేరే విమానం. చాలా ఏళ్లు బ్రిటన్‌లో జీ-ఏఎంఎస్‌వీ అనే పౌర విమానాల నంబరుతో తిరిగింది. అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని బాగు చేయించి వాయుసేనకు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ ఒకప్పుడు డకోటా పైలట్. 2018 ఏప్రిల్‌లో కోవెంట్రీ నుంచి బయలుదేరి, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ, బహ్రెయిన్, ఒమన్ మీదుగా ఆగుకుంటూ ఎగురుకుంటూ జామ్‌నగర్ చేరింది. మే 4న ఢిల్లీ దగ్గరి హిండన్‌లో వాయుసేనలో చేరింది. పేరు పరశురామ అన్నారు. నంబరు మాత్రం 1947 నాటి ఆ పాత విమానానిది రాశారు.

ఒక విమానం ఒంటి మీద ఇంకో విమానం నంబరు. నన్ను పట్టుకున్నది ఇదే.

ఫిబ్రవరి 16

కిట్ తెరవకముందే రిజిస్టరు మొదలుపెట్టాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ఇరవై ఏళ్లుగా కాగితాల మీద, పాత డైరీల వెనక, చివరికి పరీక్ష డ్యూటీ ఆర్డరు వెనక కూడా రాసుకున్నవన్నీ ఇందులోకి ఎక్కించాలి. ఒక్కో విమానానికి ఒక పేజీ. మూడు గడులు: పుట్టినప్పటి నంబరు, చేతులు మారిన వరస, వేసుకున్న చొక్కాలు. రంగును నేను చొక్కా అనే అంటాను. మా మేనల్లుడికి ఆ మాట నవ్వొస్తుంది.

మొదటి పేజీ ఆర్4118 అనే బ్రిటిష్ యుద్ధ విమానానికి ఇచ్చాను. హరికేన్. 1940లో బ్రిటన్ గగనతల పోరాటంలో 605 స్క్వాడ్రన్‌లో 49 సార్లు ఎగిరింది. ఆ తరువాత శిక్షణ విమానంగా ఓడెక్కి మన దేశానికి వచ్చింది. యుద్ధం అయిపోయాక కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఇచ్చారు. అక్కడే ఆవరణలో ఎండకూ వానకూ పడి ఉంది. పీటర్ వాచర్ అనే ఇంగ్లండు ఆయన 1982లో దాన్ని చూశాడు. చేతికి రావడానికి మాత్రం 2001 దాకా పట్టింది. అంటే ఆ తుప్పు పట్టిన విమానాన్ని చూడడానికీ చేతికి రావడానికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు. 2004 డిసెంబరులో అది మళ్లీ ఎగిరింది. 2015లో ఇంకొకరి చేతికి వెళ్లింది.

దాని చొక్కా గడిలో నాకు రాయడానికి సంతోషం. యూపీ-డబ్ల్యూ. 605 స్క్వాడ్రన్‌లో ఉన్నప్పుడు దాని ఒంటి మీద ఉన్న అక్షరాలే ఇప్పుడూ ఉన్నాయి. దాని పౌర నంబరు కూడా జీ-హెచ్‌యూపీడబ్ల్యూ అని తీసుకున్నారు. హరికేన్‌లో హెచ్, తరువాత యూపీడబ్ల్యూ. మన దగ్గర ఫ్యాన్సీ నంబరు కోసం ఆర్టీఓ ఆఫీసులో పాట పాడతారే, అట్లాంటిదే.

ఫిబ్రవరి 23

పని బల్ల సిద్ధం. వంటింటి గట్టు మార్చినప్పుడు మిగిలిన కడప బండ ముక్క ఒకటి పెరట్లో పడి ఉండేది. రెండు అడుగులకు ఒకటిన్నర. కడిగి, స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకుని టేబులు మీదికి ఎక్కించాను. బొమ్మ విమానాలు చేసేవాళ్లు సమంగా ఉండే పలక కోసం మందపాటి అద్దాలు కొంటారు. కడపలో పుట్టినవాడికి ఆ ఖర్చు ఎందుకు? రెక్కలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది దీని మీద పెట్టి చూస్తే అర మిల్లీమీటరు తేడా కూడా దొరికిపోతుంది. జిగురు పడినా బ్లేడుతో గీకితే పోతుంది.

రంగు చిమ్మడానికి గాలి ఇచ్చే కంప్రెసర్ కూడా సొంతంగా చేసుకున్నదే. పాత ఫ్రిజ్ లోంచి తీసిన మోటారు, దానికి ఒక చిన్న గాలి ట్యాంకు, మధ్యలో నీటి తేమ ఆపడానికి బైకు పెట్రోల్ ఫిల్టరు. ఏసీ మెకానిక్ ఒకాయన అమర్చి ఇచ్చాడు. చప్పుడు ఉండదు. తెల్లవారుజామున పని చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి.

మార్చి 2

శరీరం రెండు సగాలు అతికించేముందు పైలట్ గది, లోపలి గోడలు పూర్తి చేశాను. కిటికీలు చిన్నవి, లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. అయినా జవాన్లు కూర్చునే పక్క బెంచీలు పెట్టాను. పెట్టానని నాకు తెలుసు కదా.

డకోటాలో ఒక సుఖం ఉంది. తోక నేల మీద ఉంటుంది కాబట్టి ముక్కులో బరువు పెట్టే పని లేదు. నాలుగేళ్ల కింద లిబరేటర్ బాంబర్ చేసినప్పుడు ముక్కులో సీసం గుండ్లు సరిపోక, పూర్తయిన రోజే అది తోక మీద కూర్చుంది. ఇప్పటికీ దాని తోక కింద అగ్గిపెట్టె ఉంటుంది.

ఆ లిబరేటర్ మాట వచ్చింది కాబట్టి దాని పేజీ కూడా ఈ రాత్రే రాశాను. నా దృష్టిలో ఈ రిజిస్టరులో అన్నిటికన్నా విచిత్రమైన పేజీ అది. 1944లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో తయారైన 44-44052. అమెరికా సైన్యంలో యుద్ధం చేయలేదు. బ్రిటిష్ వాయుసేనకు వెళ్లింది. యుద్ధం కాగానే వాళ్లు కాన్పూరులో వదిలేసి పోయారు. అట్లా వదిలేసిన లిబరేటర్లను హెచ్ఏఎల్ వాళ్లు బాగు చేసి మన వాయుసేనకు ఇచ్చారు. 1968 దాకా మన వాళ్లు నడిపారు. తరువాత మన దేశంలోనే పడి ఉంటే 1981లో డగ్ ఆర్నాల్డ్ అనే బ్రిటిష్ సేకర్త కొన్నాడు. 1984లో అమెరికాలో పాత విమానాలు సేకరించే కాలింగ్స్ ఫౌండేషన్ వాళ్లు తీసుకున్నారు. 1989లో ఎగిరించారు. ఇక చొక్కాలు చూడండి. 1989లో 'ఆల్ అమెరికన్'. 1998లో ముక్కు నుంచి తోక దాకా డ్రాగన్ బొమ్మతో 'ద డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్'. 2005లో 'విచ్‌క్రాఫ్ట్'. మూడూ వేరే విమానాల వేషాలు. మూడూ గొప్ప విమానాలే, కాదనను. అసలు విచ్‌క్రాఫ్ట్ 130 సార్లు దాడికి వెళ్లి ఒక్కసారి కూడా మధ్యలో వెనక్కి తిరగలేదు. కానీ ఈ విమానం ఇరవై ఏళ్లు నిజంగా వేసుకున్నది మన చొక్కా. అది మాత్రం ఎగరడం మొదలుపెట్టాక ఒక్కసారీ తొడగలేదు. డబ్బు పెట్టినవాడి ఇష్టం, అక్కడి చందాదారులు అక్కడి జ్ఞాపకాలే చూడాలనుకుంటారు. అర్థమవుతుంది. అయినా ఆ గడి నింపుతున్నప్పుడు కొంచెం కోపం వచ్చింది. ఎర్ర సిరాతో 'మన రంగు: లేదు' అని రాసి గీత కొట్టాను.

మార్చి 9

అతికించడానికి ముందు పెయింటర్ భాయ్ వచ్చాడు. రాయచోటి రోడ్డులో లారీలకు పేర్లు, నంబర్లు రాస్తాడు. నలభై ఏళ్ల చెయ్యి. నంబర్ ప్లేట్లన్నీ అచ్చువే వచ్చాక ఆ పని సగం పోయింది. వెనక తలుపు మీద దేవుడి పేరు, 'సౌండ్ హారన్', పక్కన తామరపూలు మాత్రం ఇంకా చేత్తోనే. నా విమానం మీద అక్షరాలు ఆయన చేతనే రాయించాలని మొదటి రోజే అనుకున్నాను.

రెండు సగాలు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. నేను పరశురామ కథంతా చెప్పాను. విని అడిగిన మొదటి మాట, "ఛాసిస్ నంబర్ యాడుండాది సార్?"

అంతే కదా. లారీ చేతులు మారితే పేరు మారుతుంది, రంగు మారుతుంది, క్యాబిన్ మొత్తం మారుతుంది. ఆర్టీఓ దగ్గర ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తెచ్చిన అచ్చు మాత్రమే మారదు. విమానాలకూ తయారీదారు బిగించిన చిన్న రేకు ఉంటుంది. పాత విమానాల లోకంలో తగాదాలన్నీ దాని చుట్టూనే. నేలలోంచి తవ్వి తీసిన నాలుగు ముక్కలు, ఒక రేకు, మిగతా అంతా కొత్త అల్యూమినియం. అది ఫలానా విమానమేనా? కొందరు అవునంటారు, కొందరు దాన్ని కొత్త బండికి పాత నంబరు కొట్టడమే అంటారు. నా మట్టుకు నేను రిజిస్టరులో అట్లాంటివాటికి పక్కన చిన్న చుక్క పెడతాను. తీర్పు చెప్పను.

భాయ్ అడిగాక ఊరుకోబుద్ధి కాలేదు. తోక లోపలి గోడ మీద పెన్సిల్‌తో 'జీ-ఏఎంఎస్‌వీ, 1944' అని రాసి, అప్పుడు అతికించాను. ఇక అది ఎవరికీ కనిపించదు.

మార్చి 15

పోయింది. కుడి రెక్క కింది భాగం పోయింది.

తప్పు నాదే. ప్రైమరు అయిపోతే కార్ల పెయింటింగ్‌కు వాడే ప్రైమరు తెచ్చి, దానితోపాటు ఇచ్చిన ఎన్‌సీ థిన్నరు కలిపి మందంగా కొట్టాను. ఇనప రేకు మీద ఏమీ కాదు. ఇది పాలీస్టైరీన్ ప్లాస్టిక్, థిన్నరుకు కరిగిపోతుంది. అరగంటలో రెక్క మీద ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. వేలితో తాకితే మెత్తగా ఉంది. నలభై ఏడేళ్ల వాణ్ని, పిల్లలకు ద్రావణులు, ద్రావితాలు చెప్పే వాణ్ని.

రెండు రోజులు దాని వైపు చూడలేదు.

మార్చి 22

మరమ్మతు. పూర్తిగా గట్టిపడేదాకా వారం ఆగి, 400 నంబరు వాటర్ పేపరుతో నెర్రెలన్నీ రుద్దేశాను. పల్లాలకు పుట్టీ. మళ్లీ 800, మళ్లీ 1500. సమం అయింది కానీ రేకుల అతుకులు చూపించే గీతలన్నీ మాయం. మందపాటి లేబుల్ టేపు అంచును స్కేలులా అతికించి, సూదిని పిన్ వైస్ అనే చిన్న చేతి పిడిలో బిగించి మళ్లీ గీశాను. ఒత్తకూడదు. సూది బరువుకే నాలుగైదు సార్లు లాగాలి. ఒత్తితే పక్కకు జారుతుంది. రెండు చోట్ల జారింది. ఎటూ కింది వైపే.

ఇంత గుండు కొట్టడానికి కారణం వెండి రంగు. ఆకుపచ్చ, మట్టి రంగులైతే కొన్ని తప్పులు కప్పుకుంటాయి. వెండి దేన్నీ కప్పదు. జుట్టు వెడల్పు గీత ఉన్నా దీపం కింద మెరిసి పట్టిస్తుంది.

ఏప్రిల్ 6

వారం అంతా రిజిస్టరే. ఎండ ముదిరింది, పగలు రంగు పని కుదరదు.

ఎంవీ293. స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధ విమానం, 14వ రకం. మన దేశం నుంచి ఇంగ్లండు తిరిగి వెళ్లింది, ఇప్పుడు డక్స్‌ఫర్డ్‌లో ఫైటర్ కలెక్షన్ వాళ్ల దగ్గర ఉంది. పౌర నంబరు జీ-ఎస్పీఐటీ. స్పిట్! ఫ్యాన్సీ నంబర్లలో ఇది 9999 లాంటిది. ఒంటి మీద మాత్రం ఎంవీ268 అని, పక్కన జేఈ-జే అని ఉంటుంది. అవి జానీ జాన్సన్ అనే పేరున్న పైలట్ విమానం గుర్తులు. వింగ్ కమాండర్లకు స్క్వాడ్రన్ అక్షరాల బదులు సొంత పొడి అక్షరాలు వేసుకునే వీలు ఉండేది. జేమ్స్ ఎడ్గర్ జాన్సన్ కాబట్టి జేఈ-జే.

ఇట్లా వేరే నంబరు వేసుకుని తిరిగేవాటిని ఎట్లా పట్టుకుంటారని మేనల్లుడు అడిగాడు. బ్రిటన్‌లో పాత యుద్ధ విమానాలకు పౌర నంబరు బయటికి కనిపించకుండా ఎగరడానికి అనుమతి ఇస్తారు. లేకపోతే 1940 నాటి హరికేన్ పక్కన పెద్ద పెద్ద జీ అక్షరాలు ఉంటే ఏం బాగుంటుంది? కానీ రిజిస్టరు అందరూ చూడొచ్చు. అమెరికాలో నంబరు ఉండాల్సిందే, కాకపోతే పాత విమానాలకు రెండు అంగుళాల ఎత్తు చాలు. అందుకే అక్కడి ఫోటోల్లో తోక కింద మూల వెతకాలి. ఎన్ అక్షరంతో మొదలయ్యే సన్న గీతలా కనిపిస్తుంది. అది దొరికితే ఇక యజమాని ఎవరో, ఎప్పుడు మారాడో లాగొచ్చు. ఈ వెతుకులాటలో ఉండే ఆనందం వేరేవాళ్లకు చెబితే అర్థం కాదు. మా ఇంట్లో అయితే అసలు కాదు.

ఎంటీ719 పేజీలో మాత్రం చొక్కా సరైనదే. అది స్పిట్‌ఫైర్ 8వ రకం. మన వైపే పనిచేసిన 17 స్క్వాడ్రన్‌లో ఉన్నప్పటి వైబీ-జే అక్షరాలే మళ్లీ వేశారు. ఈ వైపు పనిచేసిన విమానాల గుర్తులో ఒక తమాషా ఉంది. బ్రిటిష్ వలయం మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. జపాన్ వాళ్ల గుర్తు ఎర్ర బిళ్ల. గాల్లో కంగారులో సొంత విమానాన్నే కాల్చకుండా ఇక్కడ ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం రెండే ఉంచారు.

ఏప్రిల్ 20

వెండి. మొదటి ప్రయత్నం రాత్రి ఎనిమిదికి. పగలు 42 డిగ్రీలు ఉన్న రోజు, గది ఇంకా చల్లబడలేదు. రంగు నాజిల్ లోంచి వచ్చి రెక్క చేరేలోపే గాల్లో ఎండిపోయింది. వేలితో తడిమితే గరుకు కాగితం. అంతా తుడిచేశాను.

రెండో ప్రయత్నం ఈ రోజు తెల్లవారి నాలుగున్నరకు. ఫ్యాన్ ఆపి, నేల తడిపి, చొక్కా విప్పేసి. ముందు వారమే కింద నిగనిగలాడే నలుపు వేసి ఉంచాను. వెండి రంగు లోహంలా కనిపించాలంటే కింద నున్నటి నలుపు ఉండాలి. ఆలస్యంగా ఆరడానికి రిటార్డరు నాలుగు చుక్కలు. గాలి 15 పీఎస్‌ఐ. చెయ్యి ఆపకుండా, పలచగా, మూడు పూతలు. ఐదున్నరకు దర్గా వైపు నుంచి ఆజాన్ వినిపించేటప్పటికి ఎడమ రెక్క మీద దీపం నీడ తేలింది.

పైలట్ ముందు భాగం, ఇంజన్ల లోపలి వైపులు మాత్రం నలుపు. ఎండ మెరుపు పైలట్ కళ్లలో కొట్టకుండా అది అసలు విమానాల్లోనూ ఉంటుంది.

మే 4

ఈ రోజు హిండన్‌లో పరశురామ చేరిన తేదీ. అనుకోకుండా ఈ రోజే గుర్తులు మొదలుపెట్టాను, గొడవ కూడా ఈ రోజే.

మేనల్లుడి వాదన ఇది: "మామా, 1947 నంబరు వేస్తాండావు. 1947లో మన విమానాల మీద ఉన్నది మూడు రంగుల వలయం కాదు. అశోక చక్రం. మూడు రంగులు 1950 నుంచే. రెండూ కలిపితే తప్పే కదా?"

వాడు చెప్పింది నిజమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొంతకాలం నీలి చక్రం గుర్తు ఉండేది. 1950లో కాషాయం మధ్యన, తెలుపు, బయట ఆకుపచ్చ వలయం వచ్చింది. చక్రం వేస్తే 1947 నాటి అసలు వీపీ905 అవుతుంది. మూడు రంగులు వేస్తే పరశురామ అవుతుంది. నేను చేస్తున్నది ఏది? తోక లోపల పెన్సిల్‌తో ఏం రాశానో గుర్తొచ్చింది. నేను చేస్తున్నది జీ-ఏఎంఎస్‌వీని. శ్రీనగర్ వెళ్లినదాన్ని కాదు, దాని పేరు మోస్తున్నదాన్ని. 2021 గణతంత్ర దినోత్సవంలో రెండు ఎంఐ-17 హెలికాప్టర్ల మధ్య ఇదే ఎగిరింది, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో టాంగైల్ దగ్గర మన వాళ్లు చేసిన పారాచూట్ దాడికి గుర్తుగా. అంటే ఒకే విమానం ఒకసారి 1947కు, ఒకసారి 1971కి ప్రతినిధి. దాని సొంత కథ మాత్రం ఇంకోటి.

వాడు ఒప్పుకోలేదు. "అట్లయితే దాని మీద వేరే నంబరు ఎందుకు వేయాలంట?"

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "మీ మామకు వాళ్ల తాత పేరు పెట్టలేదా? ఆయన తాత అయిపోయినాడా?"

వాడు నవ్వేశాడు. మూడు రంగులు ఖాయం.

మే 11

వలయాలు. ఇంటి ప్రింటరు తెలుపు అచ్చు వేయలేదు, అందుకే స్టిక్కరు కాగితం మీద అచ్చు వేస్తే వెండి మీద రంగులు చచ్చిపోతాయి. కాబట్టి పారదర్శక స్టిక్కరు కాగితం మూడు ముక్కలు తీసుకుని ఒక్కోదానికి ఒక్కో రంగు పూసి, గుండ్రంగా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించాలి. గుండ్రంగా కోయడమే కష్టం. కత్తెర పనికిరాదు, కంపాస్ బ్లేడు చిన్న సైజుకు తిరగదు.

బడి ల్యాబులో బెండు బిరడాలకు రంధ్రాలు చేసే ఇత్తడి గొట్టాల సెట్టు ఒకటి ఉంది. ఒకదానిలో ఒకటి దూరేవి, ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనివి. అంచులు నూరి, కాగితం కింద పాత మౌస్ ప్యాడ్ పెట్టి, తిప్పుతూ నొక్కితే శుభ్రంగా బిళ్లలు ఊడి వచ్చాయి. మూడు సైజులు కావలసిన కొలతలకు దాదాపు సరిపోయాయి. సెట్టు సోమవారం తిరిగి పెట్టేశాను. ఇదివరకటికన్నా పదునుగా ఉంది.

కాషాయం భాయ్ కలిపి ఇచ్చాడు. ఫోన్లో ఫోటో చూపిస్తే దాని వైపు చూడలేదు. "ఫోన్లో రంగు అబద్ధం సార్, ఒక్కో ఫోన్లో ఒక్కో మాదిరి ఉంటాది." పసుపు, ఎరుపు, అగ్గిపుల్ల కొనతో తెలుపు. చిన్న బొమ్మ మీద అసలు రంగు వేస్తే ముదురుగా కొడుతుందని, దూరం నుంచి చూసినట్టు కాస్త తేలిక చేయాలని నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది. ఆయన చెప్పకుండానే చేశాడు.

అంటించేముందు మెరుపు వార్నిషు తప్పనిసరి. గరుకు మీద అంటిస్తే స్టిక్కరు కింద గాలి చిక్కి తెల్లగా పొగ పట్టినట్టు కనిపిస్తుంది. అతుకు గీతల్లోకి ఒదగడానికి తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి రాశాను. ఇల్లంతా ఊరగాయ వాసన.

మే 25

రోహిణి కార్తె. కంప్రెసర్ ముట్టలేదు. చక్రాలు, ప్రొపెల్లర్లు విడిగా పెయింట్ చేశాను. ఇంతే.

జూన్ 15

భాయ్ వచ్చాడు. అక్షరాల రోజు.

బ్రిటిష్ పద్ధతి ప్రకారం తోక దగ్గర నంబరు 8 అంగుళాల ఎత్తు. 72తో భాగిస్తే 3 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. భాయ్ అడుగు ఎత్తు అక్షరాలు రాసే మనిషి. నలుపు ఒక్కటే కాబట్టి అచ్చు వేయించుకుని అంటిస్తే పది నిమిషాల పని, అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ట్రిపుల్ జీరో కుంచె ఇచ్చాను. పనికిరాదన్నాడు. దానికి వెంట్రుకలు పొట్టి, రంగు నిలవదు, గీత మధ్యలో ఆగిపోతుందంట. తన డబ్బాలోంచి పొడుగు వెంట్రుకల సన్న కుంచె తీసి, బ్లేడుతో ఇంకా సన్నం చేసుకున్నాడు. ముందు కడప బండ మీదే రాసి చూశాడు. వీపీ905, వీపీ905, ఒకదాని కింద ఒకటి, పదకొండు సార్లు. ఎడమ చేతిలో చిన్న కర్ర, దాని మీద కుడి మణికట్టు. లారీ మీద రాసేటప్పుడు పట్టుకునే కర్రే, ఇక్కడ పెన్సిలంత. ల్యాబు లెన్సు స్టాండు ముందు పెట్టాను. రెండు నిమిషాలు చూసి పక్కకు నెట్టేశాడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, ముక్కు విమానానికి తగిలేంత దగ్గరికి వంగాడు.

పన్నెండోసారి విమానం మీద. ఊపిరి బిగబట్టి ఒక్కో గీత. తొమ్మిది గుండ్రం దగ్గర నాకు టెన్షన్ తట్టుకోలేక బయటికి వెళ్లిపోయాను.

వచ్చేసరికి ఒక వైపు అయింది. ఐదు అక్షరాలు సైనికుల్లా నిలబడ్డాయి. అచ్చు కాదని దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది, సున్నా కింద ఒక వెంట్రుక మందం ఎక్కువ.

"షేడ్ వేద్దామా సార్? ఎర్రగా, కింద పక్క?"

వద్దన్నాను. ఆయన ముఖం చూస్తే పాపం అనిపించింది. లారీ అయితే ఆ ఎర్ర నీడ లేనిదే అక్షరం పూర్తి అయినట్టు కాదు.

రెండో వైపు నమాజ్ తరువాత వచ్చి రాశాడు. మా ఇంట్లో కారం దోశలు వేసింది. తింటూ అడిగాడు, ఈ విమానం ఎంతకు అమ్ముతావని. అమ్మనన్నాను. "అయితే ఓనరు పేరు రాయాల్సిన పన్లేదు."

జూన్ 22

పైన పలచని వార్నిషు వేశాను. ఇంజన్ల వెనక పొగ మరక, చాలా కొద్దిగా. వింటేజ్ ఫ్లైట్ విమానాన్ని పూలల్లో పెట్టి చూసుకుంటారు, యుద్ధంలో తిరిగిన విమానంలా మురికి పూస్తే అబద్ధం అవుతుంది. చక్రాలు పెట్టాను. ఎడమ ప్రొపెల్లరు రెక్క ఒకటి విరిగింది. లోపల సన్న తీగ పెట్టి అతికించాను, ఆరుతోంది. యాంటెన్నా తీగ ఇంకా పెట్టలేదు. దానికి మా ఇంట్లో జడ పిన్నుల డబ్బా పక్కన దొరికిన ఇలాస్టిక్ దారం చూసి పెట్టుకున్నాను.

రిజిస్టరులో డకోటా పేజీ పూర్తి అయింది. పుట్టుక 1944. చేతులు: బ్రిటన్, బ్రిటన్‌లోనే పౌర కంపెనీలు, రాజీవ్ చంద్రశేఖర్, భారత వాయుసేన. చొక్కా: వీపీ905, వెండి, మూడు రంగులు. మన రంగు అనే గడిలో ఈసారి గీత కొట్టే పని పడలేదు.

సాయంత్రం భాయ్ వచ్చాడు, యాంటెన్నా లేకపోయినా ఫోటో తీసుకోవడానికి. షెడ్డులో చూపిస్తాడంట. ఫోటో తీసుకుని వెళ్లకుండా నిలబడ్డాడు. ఆయన రాసిన ప్రతి లారీ మీద, వెనక చక్రం పైన మూలలో, ఆయన పేరు, ఆర్ట్స్, కడప అని ఉంటుంది. అది నేనే మరిచిపోయాను.

తోక అడ్డ రెక్క కింది వైపు చూపించాను, ఎవరికీ కనిపించని చోటు. ఆయన పై వైపు చూపించాడు. గంట బేరం ఆడాము. చివరికి కింది వైపే, కానీ ఎర్ర షేడ్‌తో.